మిర్గంలో పడ్డ ఇర్రి

హైదరాబాద్‌లో నేను కిరాయికుండే గది కింద పచ్చళ్ల దుకాణం ఒకటి ఉంది. పొద్దున్నే వాళ్లు పోపు పెడితే ఇంగువ వాసన మెట్లెక్కి, నేను తలుపు తీయకముందే లోపలికి వచ్చేస్తుంది. నాతో గదిలో ఉండే అమ్మాయి ముక్కు మూసుకుంటుంది గాని, నాకది పోపు వాసన కాదు, మిర్గం వాసన. మృగశిర కార్తెను మా పాలమూరు వైపు మిర్గం అంటారు. అది మొదలయ్యే రోజు పొద్దున మా అవ్వ, అంటే బాపు తల్లి, పాతబెల్లంలో ఇంగువ వేసి రోట్లో నూరి, రేగుపండంత ఉండలు చేసి, ఇంట్లో ఒక్కొక్కరినీ పిలిచి నోట్లో పెట్టేది. ఎండాకాలపు వేడి పోయి వానాకాలపు చలి ఒంట్లో దూరే రోజులట, ఆ ఉండ మింగితే జ్వరాలు రావట. మింగలేక నేను చెంపలో దాచుకుంటే దవడ నొక్కి చూసేది. మధ్యాహ్నం చేపల కూర ఉంటుందన్న ఆశ లేకపోతే మిర్గం నాడు నేను ఇల్లు విడిచి పారిపోయేదాన్నే.

మా ఊరు మక్తల్ దాటి కృష్ణ ఒడ్డుకు పోయే దారిలో ఉంటుంది. నల్లరేగడి నేలలు, చెట్టూ చేమా తక్కువ, చూపు ఎంత దూరం పోతే అంత దూరం చేన్లూ గడ్డి బీళ్లూ. మృగశిర అంటే లేడి తల అని నాకు చెప్పింది బడిలో సార్లు కాదు, అవ్వే. ఆకాశంలో ఆ చుక్కలు లేడి తల లాగే ఉంటాయట. నాకైతే ఎన్నడూ అట్లా కనబడలేదు. "చుక్కల్ల ఉన్నది సాలక చేన్లకు దిగుతయి" అని అవ్వ మూతి తిప్పేది. నిజంగానే దిగేవి. తొలివాన పడి, నేల ఆవిరి కక్కి, విత్తిన పెసర రెండాకులు విప్పిందో లేదో, ఏటి వైపు బీళ్ల నుంచి మందలు మందలుగా వచ్చేవి. పట్నంవాళ్లు అన్నింటినీ కలిపి జింకలంటారు. అవ్వ ముందు అట్లా అంటే మాత్రం ఊరుకునేది కాదు. వీపు నల్లగా, పొట్ట తెల్లగా, మెలికలు తిరిగిన కొమ్ములతో ఉండే మగది ఇర్రి, కొమ్ములు లేని గోధుమరంగు ఆడది లేడి. బర్రెనూ దున్ననూ ఒకటే పేరుతో పిలుస్తామా అని గదమాయించేది.

అవ్వకు ఇంత పట్టింపు ఎందుకంటే తాత వేటగాడు. నేను ఆయన్ని చూడలేదు. పంటలు ఇంటికి చేరి బీళ్లు ఎండిన ఎండాకాలంలో ఊరి మగవాళ్లంతా వలలు భుజాన వేసుకుని పోయేవాళ్లట. సగం మంది డప్పులతో అదిలిస్తే సగం మంది వలల వెనక కూర్చునేవాళ్లట. వేట పడ్డాక పాళ్లు వేయడంలో పెద్ద న్యాయం ఉండేదని అవ్వ గొప్పగా చెప్పేది. మొదట ముట్టుకున్నవాడికి తల, వల మోసినవాడికి తొడ, ఉరికిన కుక్కకూ ఒక పాలు, ఎవరింట్లోనైనా కడుపుతో ఉన్న మనిషి ఉంటే పుట్టని బిడ్డకు వేరే పాలు. "మీ బాపు పుట్టకముందే తన పాలు తిన్నడు" అని పళ్లులేని నోటితో నవ్వేది. కథ ఎన్నిసార్లు చెప్పినా ఆఖరున ఒక మాట మాత్రం నవ్వకుండా చెప్పేది. "వల పెట్టినోడు వల కాడనే ఉండాలె. పడ్డదాని మొకం సూడాలె. పెట్టి పక్కకు పోయినోడు ఏటగాడు కాదు, దొంగ." తర్వాత వేటకు పోతే జైలన్నారు, వలలు అటక మీద ఎలుకల పాలయ్యాయి. తాత వలతో బతికిండు, కొడుకు వలసతో బతుకుతుండు అని అవ్వ ఎవరు దొరికితే వాళ్లకు చెప్పేది.

ఆ మాట నిజమే. బాపు ఏటా పుణెకు పోయి భవనాల పని చేసేవాడు. చిన్నప్పుడు నాకు బాపు అంటే సగం ఏడాది మనిషి. వచ్చినప్పుడు ఒంటి మీద సిమెంటు వాసన, సంచిలో నా కోసం మెరుపుల రిబ్బన్లు. పోయేటప్పుడు నేను నిద్రలో ఉండగానే పోయేవాడు. తెలంగాణ వచ్చిన మరుసటి వానాకాలం, నాకు అప్పుడు పదేళ్లుంటాయి, దుక్కి దున్నుతున్న బాపు వెంట నడుస్తూ, ఈసారి పోవద్దని పట్టుబట్టాను. ఎడ్లను ఆపి, చెమట తుడుచుకుని, "పెసర చేతికొస్తే పోను బిడ్డా" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి ఆ చేను బాపుది కాదు, నాది. ఒక్క మొక్కకు ఏమైనా అయితే బాపును ఎవరో గుంజుకుపోయినట్టే అనుకున్నాను.

జింకలు రాకుండా మా వైపు చేన్ల చుట్టూ పాతచీరలు కట్టేవాళ్లు. కట్టెలు పాతి, ఒక చీర కొంగు ఇంకో చీర అంచుకు ముడివేసి, చేనంతా చుట్టేవాళ్లు. గాలికి అవి ఊగితే మనుషులనుకుని బెదురుతాయని. అమ్మ చీరలు, అవ్వ చీరలు, మక్తల్ సంతలో తూకానికి కొన్న ఎవరెవరివో చీరలు, ఎర్రవీ పచ్చవీ పూలవీ, వానకు తడిసి ఎండకు వెలిసి రెపరెపలాడేవి. "నా చీరలన్ని చేనే కట్టుకున్నది, నాకేం మిగిలింది" అని అమ్మ ఆ ఏడు మిర్గం నుంచి తిడుతూనే ఉంది. చేను నడుమ మంచె వేశారు. బడి లేనప్పుడంతా నేనూ అవ్వా దాని మీదే. జొన్నరొట్టె, ఎర్రకారం, ఉల్లిగడ్డ మూటగట్టుకుని పొద్దున ఎక్కితే మళ్లీ చీకటి పడే ముందే దిగడం. పగిలిన డబ్బా కొట్టి కొట్టి చేతులు బొబ్బలెక్కేవి, హో అని అరిచి అరిచి గొంతు పోయేది. మధ్యలో ఆరుద్ర పురుగులను ఏరి అగ్గిపెట్టెలో వేసుకునేదాన్ని, తడిమట్టితో ఎడ్లు చేసేదాన్ని, అవ్వతో అచ్చనగండ్లు ఆడి ఓడిపోయేదాన్ని. అవ్వ పచ్చి తొండి ఆట ఆడేది, అడిగితే కండ్లు కనబడతలేవని చెప్పేది. కాని ఎంత ఆడినా చూపు మాత్రం చీరల మీదే ఉండేది. చేను దాటి పోవడానికి లేదు, తోటిపిల్లలతో వాగుకు పోవడానికి లేదు. నాలుగు దిక్కులా ఆ రంగురంగుల చీరలు, నడుమ మేము. అవి జింకల కోసం కట్టినట్టు లేదు, మా కోసమే కట్టినట్టు ఉండేది.

జింకలు తెలివైనవి. కొన్నాళ్లకు చీరలకు అలవాటు పడ్డాయి. ఒక పొద్దున పోయి చూస్తే సాళ్లు సాళ్లుగా మొక్కలు లేవు, మోళ్లు మిగిలాయి. బాపు మళ్లీ విత్తాడు. మళ్లీ మొలిచింది. మళ్లీ వచ్చాయి. ఆ రోజు నేను గట్టు మీద కూర్చుని ఏడుస్తుంటే బాపు చూశాడు. సాయంత్రం బండి క్లచ్ వైరు ఒకటి తెచ్చి ఉచ్చు చేశాడు. చీరల నడుమ అవి దూరే సందు దగ్గర తుమ్మమోడుకు కట్టాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అవ్వ మాత్రం ఆ వైపు చూడనని మొఖం తిప్పుకుంది. "వైరు ఉచ్చు గూడ ఏటేనా? నీ అయ్య సూస్తే ఉమ్ముతుండె" అంది. "నువ్వు జర ఊకో అవ్వా. మళ్ల ఇత్తనీకె ఇత్తనాలేవి?" అన్నాడు బాపు.

మరుసటి రోజు పొద్దున్నే యూరియా దొరుకుతుందంటే బాపు మక్తల్‌కు పోయాడు. నేనూ అవ్వా చేనుకు పోయేసరికి సందు దగ్గర చీరలు చిరిగి కింద పడున్నాయి. తుమ్మమోడు దగ్గర ఇర్రి. పడుచుది, వీపు ఇంకా పూర్తిగా నల్లబడలేదు. ముందుకాలు వైరులో ఇరుక్కుంది. మమ్మల్ని చూసి ఎగిరింది, వైరు గుంజితే బోర్లా పడింది, మళ్లీ లేచింది, మళ్లీ ఎగిరింది. నేను ఉరకబోతే అవ్వ నా జుట్టు పట్టి ఆపింది. "పోకు. మనిషి దగ్గరకొస్తే దాని గుండె పగుల్తది. ఉత్తగనే సస్తది."

చీరల బయట, గాలి మావైపు వీచే చోట ఇద్దరం కూర్చున్నాం. మేము పోతే కుక్కలు వస్తాయి, దగ్గరికి పోతే అది చస్తుంది. అంత దూరం నుంచి దాని డొక్కలు ఎగిసిపడటం కనబడేది. కాసేపు ఆగేది, మమ్మల్ని మరిచిపోయినట్టు చెవులు ఆడించేది, అడుగు వేయబోయి మళ్లీ వైరు గుర్తొచ్చి కొట్టుకునేది. రాత్రంతా అది పడాలని మొక్కుకున్నదాన్ని, పడ్డాక ఏం కావాలో తెలియలేదు. ఎండ ఎక్కింది, దాహమైంది, లేచిపోవడానికి లేదు.

పక్క చేను తాయప్ప మామ ఇంతలో వచ్చాడు. చూసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "ఇంక సూస్తున్నవేంది పెద్దమ్మా? బతికున్నా కేసే, సచ్చినా కేసే. జంగ్లాతోళ్లు, ఫారెస్టోళ్లు వచ్చిండ్రంటే నీ కొడుకు లోపలికే. దెబ్బన కొట్టి బొంద వెడ్దాం, లేకుంటే కూరొండుకుందాం. మంద గిటు మళ్ల రాదు."

"పెట్టినోడు రానీ" అంది అవ్వ. తాయప్ప మామ గొణుగుతూ తనూ కూర్చున్నాడు.

బాపు ఆటో దిగి యూరియా బస్తా గట్టు మీద పడేసి వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. చూశాడు. అవ్వ, "పో, దాని మొకం సూడు" అంది. తాయప్ప మామ గొడ్డలి అందించాడు. బాపు తీసుకున్నాడు. నేను కండ్లు మూసుకోలేదు. నిజం చెప్తున్నాను, కొడితే బాపు ఉంటాడు అని ఒక పక్క, కొట్టొద్దు అని ఒక పక్క మొక్కుకున్నాను. బాపు దాని ముందు నిలబడి చాలాసేపు చూశాడు. అది కొట్టుకోవడం ఆపి, మెడ చాచి, అట్లాగే నిలబడింది. బాపు గొడ్డలి కింద పెట్టి, చిరిగిపడ్డ అమ్మ నీలంచీర తీసి మెల్లగా దాని తల మీద కప్పాడు. కండ్లకు చీకటి కాగానే అది నిమ్మళించింది. మోకాళ్ల మీద కూర్చుని కాలికి బిగిసిన వైరును వేళ్లతోనే వదులు చేసి తీశాడు. వేళ్లు కోసుకుపోయి నెత్తురు వచ్చింది. చీర లాగేసి పక్కకు జరిగాడు.

అది కదలలేదు. వైరు ఉందనే అనుకుంటోంది. ముందుకాలు ఎత్తి, ఆగి, దించింది, మళ్లీ ఎత్తింది. "పో" అన్నాడు బాపు. అప్పుడు ఎగిరింది. కాస్త కుంటుతూ, మా పెసర మీదుగానే, ఆ చివరి చీరలను ఒక్క దూకులో దాటి బీట్లో కలిసిపోయింది. తాయప్ప మామ గొడ్డలి తీసుకుని, "నీ కర్మ" అని పోయాడు. బాపు వైరును పాడుబడ్డ బావిలో వేశాడు.

ఎన్నో రోజులు కాలేదు, మంద వచ్చి మిగిలిందంతా మేసిపోయింది. తొలి ఏకాదశికి అవ్వ దంచిన పేలాలపిండి మూట సంచిలో పెట్టుకుని బాపు పుణె పోయాడు. ఆసారి నేను నిద్రపోలేదు. బస్సు కనబడకుండా పోయేదాకా నిలబడ్డాను, కాని చేయి ఊపలేదు. ఆ ఇర్రి మీద నాకు పుట్టిన పగ ఇంతంత కాదు. బడి పుస్తకంలో జింక బొమ్మ ఉంటే కొమ్ముల మీద పెన్సిల్‌తో గీతలు గీసి చింపేదాన్ని. కాళ్లావేళ్లా పడి ఉండమంటే ఉండని మనిషి, ఒక జీవాన్ని మాత్రం ఎందుకు వదిలాడో అడగాలని చాలా ఏళ్లు గొంతు దాకా వచ్చి ఆగిపోయింది.

పోయిన మిర్గానికి ఇంటికి పోయాను. అవ్వ లేదు, ఇంగువ ఉండలు చేసేవాళ్లూ లేరు, అమ్మ చికెన్ వండింది. నడుము పడిపోయి బాపు పుణె మానుకుని ఇంటికే వచ్చేశాడు. ఇద్దరం చేను వైపు నడిచాం. ఇప్పుడు ఎక్కడా చీరలు లేవు, చేన్ల చుట్టూ సోలార్ తీగలు, మూలకో పెట్టె టిక్కుటిక్కుమంటూ ఉంటుంది. మంచెలు లేవు, డబ్బా కొట్టే పిల్లలు లేరు. పెసర మానేసి అంతా పత్తి వేశారు. ఏటి వైపు బీట్లో చాలా దూరంగా నాలుగైదు లేళ్లు మేస్తున్నాయి, మందలు లేవు.

గట్టు మీద కూర్చున్నాక అడిగేశాను. "ఆ పొద్దు దాన్ని కొడితే పెసర మిగులుతుండె. నువ్వు పోకపోతుంటివి గద బాపూ."

బాపు గడ్డిపోచ తుంచి నలిపాడు. "పెసరకు, నేను పోవుటానికి సంబంధమే లేదు బిడ్డా. ఉగాదికే మేస్త్రి దగ్గర పైసలు పట్టి మాట ఇచ్చిన. పండినా పోవుడే, ఎండినా పోవుడే."

"మరి పోనని ఎందుకు జెప్పినవ్?"

"నువ్వు అడుగుతుంటివి. లేదనేతందుకు నోరు రాలె."

నాకు ఒళ్లు మండింది. ఆ ఎండలన్నీ, ఆ బొబ్బలన్నీ, పోయిన గొంతూ, ఇన్నేళ్ల పగా అన్నీ ఒక్కసారి నోటికి వచ్చాయి. తిట్టాను కూడా. బాపు తల వంచుకుని విన్నాడు. నేను అలిసిపోయాక, ఇంక అడగడానికి అదొక్కటే మిగిలి, "మరి దాన్నెందుకు ఇడిశినవ్?" అన్నాను.

బాపు బీడు వైపు చూశాడు.

"పడ్డోళ్లం ఇద్దరం ఉంటిమి. ఒకరన్న పోనీ అనుకున్న."