నేను దిద్దిన వాక్యం

ఇరవయ్యేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. తప్పు వినబడితే చాలు, నా చెవి అక్కడే ఆగిపోతుంది. ఇంట్లో నా భార్య ఏదో బాధ చెప్పుకుంటున్నప్పుడు కూడా మధ్యలో మాట దిద్దే మనిషిని. చాలాకాలం దాన్ని గొప్ప అనుకున్నాను.

బెళుగుప్ప వైపు ఒక ఊళ్లో మా హైస్కూలు. ఒకరన్న మాటను ఇంకొకరికి చెప్పే వాక్యాలు, అదే రిపోర్టెడ్ స్పీచ్, పదో తరగతికి ఎంత చెప్పినా ఎక్కేది కాదు. పుస్తకంలో ముక్కూమొహం తెలియనివాళ్లు ఏమనుకుంటే పిల్లలకెందుకు? అందుకని ఒక పద్ధతి పెట్టాను. రోజూ పీరియడ్ మొదట్లో ఒకరు లేచి, ఇంట్లో ఎవరు ఏమన్నారో ఇంగ్లీషులో చెప్పాలి. ట్యాంకరు వచ్చిందని అమ్మ చెప్పింది, మేక ఈనిందని అవ్వ చెప్పింది, ఇలాంటివి. 'సెడ్' అన్నాక వెనక వచ్చే క్రియ కూడా భూతకాలంలోకి మారాలి. 'విల్' అంటే ఒప్పుకునేవాణ్ణి కాదు, 'వుడ్' అనాల్సిందే.

ఆ ఏడాది వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే వేళకు వాన మొహం చాటేసింది. జనం బెంగళూరు పనులకు బయలుదేరారు. వలసపోయేవాళ్ల పిల్లల కోసం మండలంలో హాస్టలు తెరిచారు. "మీ ఇంట్లో పోతామంటే ముందుగా నాకు చెప్పండి. పేరు రాయిస్తాను, మీ నాయనతో నేనే వచ్చి మాట్లాడతాను" అని తరగతిలో చెప్పింది నేనే.

ఒక శుక్రవారం, ఎప్పుడూ నోరు విప్పని వెనకబెంచీ అమ్మాయి తనంతట తానే లేచింది. సోమవారం నుంచి నేను బడికి పోనని మా నాయన చెప్పాడు, అని ఇంగ్లీషులో అంది. 'విల్ నాట్ గో' అంది.

"విల్ కాదమ్మా. మళ్లీ చెప్పు."

మళ్లీ 'విల్' అనే అంది. నాకు చిరాకేసింది. బోర్డు మీద రాసి చూపించాను. మూడోసారి 'వుడ్' అంది. గొంతు వణికింది. ఇంగ్లీషంటే భయమనుకున్నాను. "వెరీ గుడ్" అని అందరిచేతా చప్పట్లు కొట్టించాను. అయినా ఆమె కూర్చోలేదు, నా వైపే చూస్తూ నిలబడింది.

"ఇంకేం, కూర్చో" అన్నాను.

సోమవారం రాలేదు, మంగళవారమూ రాలేదు. బుధవారం హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గర ఆగాను. ఆ పిల్ల నాకేం చెప్పిందో అప్పుడు తట్టింది. బడి వదలగానే వాళ్లింటికి వెళ్లాను. తలుపుకు తాళం. పక్కింటి అవ్వ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

"ఆదివారమే పోయినారు సారూ" అంది. "వాళ్లమ్మ పనికి పోతే చిన్నోన్ని చూసుకునేకి ఈ పాప కావాల కదా. నా దగ్గర ఇడిసిపెట్టి పోండప్పా అని నేనూ చెప్పి చూసినా, ఇనలేదు. మా సారుకు చెప్పినానవ్వా, సారు వచ్చి నాయనతో మాట్లాడతాడు అనె ఈ పాప. రెండో శనివారం బడి లేదు కదా, పొద్దంతా ఆ గడప మీదనే కూర్చోనుండె. అన్నం తినేకి కూడా లోపలికి పోలేదు. నువ్వు రాకపోతివి."

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. శనివారమంతా నేను ఇంట్లో పడుకుని టీవీ చూశాను.

ఆ పిల్ల నాయన నంబరుకు ఫోన్ చేస్తే స్విచాఫ్. వారాల తరబడి చేశాను, ఎప్పుడూ అదే. దసరా సెలవులయ్యాక కూడా ఆమె రాలేదు. హెడ్మాస్టరు బడి మానేసిన పిల్లల జాబితా రాస్తూ నన్ను పిలిచాడు. మంచి మనిషి, ఆ హాస్టలు కోసం ఆఫీసుల చుట్టూ ఎంతో తిరిగాడు.

"ఏమప్పా, హాస్టల్లో సీట్లు ఖాళీగానే ఉండాయి కదా. ఆ పాప ముందుగా నీకేమన్నా చెప్పిందా?" అని అడిగాడు.

చెప్పింది సార్, మూడుసార్లు చెప్పింది, నేనే చెప్పించాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆయన కలం పట్టుకుని నా మొహంలోకి చూస్తున్నాడు.

"లేదు సార్, ఏమీ చెప్పలేదు" అన్నాను.

ఆయన అదే రాసుకుని, కింద నన్ను సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.