చర్చి ఆంప్లిఫయర్‌లో అమ్మ గొంతు

నా చిన్నప్పుడు మా వీధిలో నాలుగిళ్ళ తల్లులు ఒకే క్యాసెట్‌లో కాపురం ఉండేవాళ్ళు. మాది కమలాపురం దగ్గర ఒక పల్లె. బోర్లు ఎండిపోయాక మగవాళ్ళకు ఊళ్ళో పని దొరకలేదు కానీ, ఆడవాళ్ళకు కువైట్‌లో ఇంటిపని దొరికింది. మా నాన్న అప్పటికే పోయాడు. అమ్మ నన్ను జేజి దగ్గర, అంటే నాన్న తల్లి దగ్గర వదిలి, చర్చి వీధిలోని మరో ముగ్గురు ఆడవాళ్ళతో కలిసి విమానం ఎక్కింది. వాళ్ళెవరికీ రాయడం రాదు. ఇక్కడ మా జేజికి చదవడం రాదు. అందుకని ఉత్తరాల బదులు క్యాసెట్ వచ్చేది.

ఒక్కొక్కరికి ఒక్కో క్యాసెట్ ఎందుకు దండగ అనుకున్నారో ఏమో, నలుగురికీ కలిపి ఒకటే. అక్కడ అది చేతులు మారుతూ తిరిగేది. ఒకామె తను పనిచేసే ఇంట్లో నాలుగు మాటలు నింపి తరువాతి ఆమెకు అందించేది. చివరికి సెలవు మీద వచ్చే ఎవరో ఒకరు దాన్ని చీరల మడతల్లో పెట్టుకుని తెచ్చేవాళ్ళు. మా అమ్మ వంతు ఎప్పుడూ ఆఖరిది. ఆమె ముందు వంతు మేకల అత్తది. ఆ మహాతల్లి ఒక్కో మేకనూ పేరుపేరునా అడిగేది. ఏది ఈనింది, ఏది కుంటుతోంది, నల్లదానికి గజ్జి తగ్గిందా లేదా, అంతా విచారించి, మొగుడి సంగతి మాత్రం ఒక్క ముక్కలో తేల్చేసేది. ఆమె తినేయగా మిగిలిన టేపే మా అమ్మది. ఆ మేకలు ఎప్పుడో పోయాయి గానీ ఆమె మీద నా కోపం ఇంకా పోలేదు.

టేప్‌రికార్డర్ ఉన్నది పక్కింటి అక్క ఒక్కతి దగ్గరే. ఆమె మొగుడు కూడా అక్కడే డ్రైవరు. క్యాసెట్ వచ్చిన రోజు సాయంత్రం నాలుగిళ్ళ వాళ్ళం ఆమె అరుగు మీద చేరేవాళ్ళం. వంతుల ప్రకారం ఏడ్చేవాళ్ళం. ఒకరి తల్లి మాట్లాడుతుంటే మిగిలినవాళ్ళు వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చునేవాళ్ళు. నా వంతు వచ్చేసరికి అందరికీ ఏడ్చి ఏడ్చి విసుగు వచ్చి, పొయ్యి మీద ఎసరు గుర్తొచ్చి లేచి వెళ్ళిపోయేవాళ్ళు. జేజీ నేనూ మిగిలేవాళ్ళం. నా తల్లి మాటలు వినడానికి జనం చాలడం లేదని నాకు చిన్నతనంగా ఉండేది.

ఆ ఏడు వచ్చిన క్యాసెట్‌లో అమ్మ ఎప్పటికన్నా మెల్లగా మాట్లాడింది. జేజి మోకాళ్ళ నొప్పుల గురించి అడిగింది. నన్ను తలకు నూనె పెట్టుకోమంది, ఎండలో తిరగొద్దంది. తరువాత కాసేపు ఆగి, గొంతు సవరించుకుని, "పాపా, నేను వచ్చేది ఎప్పుడంటే..." అంది. అంతే. ఖట్‌మని మీట పైకి లేచింది.

పక్కింటి అక్క క్యాసెట్ తిప్పి వేసింది. అటువైపు మొదట్లో మళ్ళీ వేరే ఇంటావిడే. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టింది. ఎన్నిసార్లు పెట్టినా అమ్మ అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. నాకు ఆ మిగిలిన మాట కావాలి. అమ్మ వచ్చేది ఉగాదికా, ఈస్టర్‌కా, ఇంకో ఏడాదికా అన్నది ఆ ఒక్క మాటలో ఉంది. అది లేకుండా నేను బడిలో కూర్చోలేకపోయాను, అన్నం తినలేకపోయాను. జేజి నన్ను కసరలేదు. ఆమెకూ అదే కావాలి.

వీధిలో తలా ఒక వైద్యం చెప్పారు. సెల్లులు దిగిపోయినాయని ఒకరన్నారు. వాటిని తీసి రోజంతా ఎండలో పెట్టాం. మా వైపు ఎండకు లోటు లేదు కాబట్టి సెల్లులు బాగానే కాలాయి, అమ్మ మాత్రం అక్కడే ఆగింది. చివరికి మా జేజి తేల్చింది. "ఈ డబ్బాకి బలం చాల్లా. లోపల మాట ఉండాది, అది బయటికి లాగలేక పోతాండాది. చర్చి మైకు సెట్టుకైతే బలం ఉండాది." చర్చిలో అయ్యగారి ప్రసంగం పక్క పల్లెకు కూడా వినిపిస్తుంది. అంత పెద్ద మిషను అమ్మ మిగిలిన మాటను లాగలేదా? మా అందరికీ అది న్యాయంగానే తోచింది.

మైకు సెట్టు చూసుకునేది మిలిటరీ మామ. పట్టాళంలో వైర్‌లెస్ విభాగంలో పనిచేసి వచ్చాడు. పెళ్ళి చేసుకోలేదు. మాటలు తక్కువ, చర్చి వెనకాల ఒంటిగది, ఒక కిరోసిన్ స్టవ్వు, ఒక ట్రంకుపెట్టె. ఆదివారం ఆరాధన అయ్యాక జేజి నన్నూ క్యాసెట్‌నూ ఆయన ముందు నిలబెట్టి సంగతి చెప్పింది. ఆయన క్యాసెట్‌ను వెలుతురుకు ఎత్తి చూశాడు. టేపంతా ఒకవైపు చక్రానికే చుట్టుకుని ఉంది. టేపు అక్కడికే అయిపోయిందని ఆయనకు అర్థమై ఉంటుంది. కానీ లేదని చెప్పలేదు. టేప్‌రికార్డర్ తెమ్మన్నాడు.

అప్పటికే చర్చి ముందు జనం చేరారు. చర్చి పైన కట్టిన హారన్ స్పీకర్‌లో మా అమ్మ మాట్లాడుతుందని, కువైట్ కబుర్లు వినొచ్చని వాళ్ళ సంబరం. నాకూ గర్వంగానే ఉంది. ఇన్నాళ్ళకు మా అమ్మ మాట వినడానికి ఊరంతా వచ్చింది. మిలిటరీ మామ మాత్రం ముందు చేసిన పని హారన్ తీగ ఊడబెరకడం. జనం గొణిగారు. "ఆయమ్మ మాట్లాడింది బిడ్డతో, ఊరితో కాదు. పోండప్పా" అన్నాడు. తలుపు దగ్గరగా వేసి, ట్రంకుపెట్టెలోంచి గుడ్డలో చుట్టిన హెడ్‌ఫోన్లు తీశాడు. నల్లగా, బరువుగా, చెవుల దగ్గర తోలు చిరిగి పాత పంచె గుడ్డతో కుట్టుకున్నవి. అలాంటివి నేను అంతకుముందు చూడలేదు. అవి నా తలకు పెద్దవయ్యాయి. ఆయన రెండువైపులా అరచేతులతో పట్టుకుని కూర్చున్నాడు. ఒక్కసారిగా ఊరు మాయమైపోయింది.

ఆంప్లిఫయర్‌లో ఎర్ర దీపం వెలిగింది. మొదట చాటలో నూకలు చెరుగుతున్నట్టు ఒకటే చప్పుడు. దాని మీద అమ్మ గొంతు వచ్చింది. పెద్దదై వచ్చింది. అంత పెద్ద అమ్మను చూసి భయం వేసింది. ఆమె వెనకాల కొళాయి కారుతోంది. కత్తి టకటకా ఏదో తరుగుతోంది. గిన్నె మీద మూత పడింది. ఎవరో చిన్నపిల్ల తెలియని భాషలో గారంగా పిలుస్తోంది, అమ్మ ఆ పిల్లకు అదే భాషలో ఏదో చెప్పి పంపేసి నా దగ్గరికి తిరిగి వచ్చింది. అరుగు మీద విన్నప్పుడు అమ్మ కాసేపు ఆగిందనుకున్నది ఇదన్నమాట. మా అమ్మను రోజంతా పిలవగలిగిన పిల్ల ఒకతె ఉందని నాకు ఆ రోజే తెలిసింది. ఆ తరువాత అమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుని, నేను వచ్చేది ఎప్పుడంటే అంది. ఖట్.

నేను చెయ్యి ఊపాను, ఇంకా పెంచమని. ఆయన వెనక్కి తిప్పి పెంచాడు. మళ్ళీ ఊపాను, మళ్ళీ పెంచాడు. నూకల చప్పుడు వడగళ్ళ వాన అయింది. అమ్మ గొంతు పగిలింది. మాట మాత్రం అక్కడే ఆగింది. ఆయన చాలు అనలేదు, విసుక్కోలేదు. నా అంతట నేను హెడ్‌ఫోన్లు తీసేసేదాకా ఆ మీట దగ్గరే కూర్చున్నాడు. నేను ఏడవడం మొదలుపెట్టాక మాత్రం మెల్లగా అన్నాడు. "ఈ మిషను ఉండేదాన్ని పెద్దది చేస్తాది పాపా. లేందాన్ని యాడ నుంచి తెస్తాది?"

తరువాత ఆయన ఆంప్లిఫయర్ కట్టేశాడు. హెడ్‌ఫోన్ల తీగను నేరుగా టేప్‌రికార్డర్‌కే తగిలించి, సౌండు బాగా తగ్గించి మళ్ళీ పెట్టాడు. ఈసారి అమ్మ చిన్నగా, వాన చప్పుడు లేకుండా, చెవి దగ్గర కూర్చుని మాట్లాడినట్టు మాట్లాడింది. తలకు నూనె పెట్టుకోమంది. నాకు ఏడుపు ఆగిపోయింది. ఆ వేసవంతా మిలిటరీ మామ గదికి వెళ్ళి అమ్మను అలాగే వినేదాన్ని. పక్కింటి అక్క టేప్‌రికార్డర్ ఇవ్వని రోజున ఊరికే హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నా ఆయన ఏమీ అనేవాడు కాదు. ఆయన గదికి నేను తప్ప ఎవరూ వచ్చేవాళ్ళు కాదని తరువాత ఎప్పుడో తట్టింది.

ఆ హెడ్‌ఫోన్లే నన్ను లాక్కెళ్ళాయో ఏమో, పెద్దయ్యాక రేడియో కేంద్రంలో రికార్డింగ్ పనిలో చేరాను. జీవితమంతా చెవులకు హెడ్‌ఫోన్లే. రిటైరయ్యి కడపలో ఒక్కదాన్నే ఉంటున్నాను. కింది వాటాలో కంప్యూటర్ ఉద్యోగం చేసే ఒక అబ్బాయి ఉన్నాడు. నా పాత పని సంగతి తెలిసినప్పటి నుంచి, హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్లు పైరకానికి మార్చుకుంటే లాభం ఉంటుందా అని అడుగుతుంటాడు. అడుగుతూనే కొంటుంటాడు. మొన్న ఆంప్లిఫయర్‌కు ముందు తగిలించే ప్రీఆంప్ అనే పెట్టె కూడా తెచ్చాడు. మేడమ్, తేడా తెలుస్తోందా అని నా మొహంలోకి చూస్తాడు.

నాకు తెలిసింది చెప్పాను. కొన్ని హెడ్‌ఫోన్లు మొండివి, ఫోనుకు లొంగవు. వాటికి ఆంప్లిఫయర్ కావాల్సిందే, లేకపోతే పాట నీరసంగా వస్తుంది. ఒకసారి చాలినంత బలం, శుభ్రమైన బలం అందిందా, ఆపైన ఎంత ఖరీదైనది పెట్టినా పెరిగేది పిసరంత. కొన్నిసార్లు అదీ మన కళ్ళు మన చెవులకు చెప్పే మాటే. పాట వచ్చేది ఒక్క పరికరం నుంచే అయినప్పుడు ప్రీఆంప్ ఇంకో మీట, అంతే. ముందు మంచి రికార్డింగ్ వెతుక్కో, ఆ తరువాత మంచి హెడ్‌ఫోన్లు, ఆపైన కిటికీ మూసుకో. ఇంత చెప్పినా ఆ అబ్బాయి మొహంలో వెలితి పోలేదు. అతని గదిలో ఒకే కుర్చీ ఉంది. ఏ పెట్టె కొన్నా వినడానికి అతనొక్కడే.

అమ్మ సంగతి చెప్పలేదు కదూ. ఆమె ఉగాదికీ రాలేదు, ఈస్టర్‌కూ రాలేదు. ఆ తరువాత వచ్చిన క్యాసెట్లలో ఆ మాట ఎత్తనే లేదు. ఎప్పుడో నేను పైట వేసుకునే వయసులో వచ్చింది. అప్పటికి మా ఇద్దరికీ ఒకరంటే ఒకరికి మొహమాటం. చాలా రోజులు అడగలేకపోయాను. ఒక మధ్యాహ్నం ఆమె నాకు తల దువ్వుతుంటే, మొహం కనబడదన్న ధైర్యంతో అడిగాను. ఆ క్యాసెట్‌లో నువ్వు వచ్చేది ఎప్పుడంటే అని ఆపేశావే, ఏం చెప్పబోయావు అని.

దువ్వెన ఆగింది. నేను మాట ఆపలేదే అంది. ఆ రోజు ఇంటామె వచ్చేస్తుందేమోనని కంగారులో టేప్‌రికార్డర్‌ను వంటింటి అలమరలో పెట్టి, తలుపు బెత్తెడు తెరిచి ఉంచి, ఉల్లిపాయలు తరుగుతూ మాట్లాడిందట. మీట లేచిన చప్పుడు కత్తి చప్పుడులో కలిసిపోయింది. టేపు అయిపోయిందని ఆమెకు తెలియదు.

"శానాసేపు మాట్లాడినా పాపా. కూర అడుగంటిందాకా మాట్లాడినా. నీకు అన్నీ చెప్పినా."

ఏం చెప్పావు అని అడిగాను. నా జుట్టు ఆమె పిడికిలిలోనే ఉంది.

"ఇప్పుడు యాదికి రాలేదు. అప్పుడు చెప్పేసినా కదా. నువ్వు విన్నావనే అనుకుంటిని ఇన్నేండ్లూ."

అమ్మ ఇప్పుడు లేదు. మిలిటరీ మామ అంతకన్నా ముందే పోయాడు. మా అమ్మ తన మనసంతా విప్పి చెప్పినప్పుడు ఎదుట ఒక ఆగిపోయిన పెట్టె తప్ప ఎవరూ లేరన్నది నన్ను ఈ వయసులో కూడా వదలదు. ఆ వంటింట్లో ఆమెకు ఊఁ కొట్టే దిక్కు లేకపోయింది.

అందుకే నాకు ఒక అలవాటు మిగిలింది. నాతో ఎవరు మాట్లాడుతున్నా మధ్యమధ్యలో ఊఁ అంటాను. కింది అబ్బాయి తన ఆంప్లిఫయర్ల గురించి ఎంతసేపు చెప్పినా, నా కుర్చీ నేనే మోసుకుని దిగి, పక్కన కూర్చుని ఊఁ కొడతాను. నా ఫోను మోగేదే తక్కువ. అప్పుడప్పుడు ఎవరో రాంగ్ నంబరు పెద్దమనిషి నేను ఎవరో తెలుసుకోకుండానే తన గోడు మొదలుపెడతాడు. పెట్టేయను. ఊఁ అంటాను. ఆయన చెప్పింది అంతా అయ్యేదాకా, ఈ చివర ఒక మనిషి ఉందని ఆయనకు తెలిసేటట్టు, ఊఁ అంటూనే ఉంటాను.