చిప్పు మీద బొట్టు

తొంభైల చివర్లో ఉదయగిరిలో మా ఇంటి ముందుగదిలో కంప్యూటర్ సెంటర్ పెడతానంటే నాయన ఒకే షరతు మీద ఒప్పుకున్నాడు. మొదటి బ్యాచ్ నిలబడకపోతే నోరు మూసుకుని బి.ఎడ్. చదవాలి. నాకు బి.ఎడ్. కన్నా దుత్తలూరు పోయి కందిచేను కాపలా కాయడం మేలనిపించేది. అందుకే ఊరంతా కరపత్రాలు పంచాను: "పాటలు పాడే రంగుల కంప్యూటర్. సోమవారం నుంచి తరగతులు."

శనివారం పొద్దున అది చచ్చింది. ఆత్మకూరులో దాన్ని బిగించి ఇచ్చిన మెకానిక్ ముందే నేర్పాడు కాబట్టి విండోస్ మళ్ళీ ఎక్కించాను. లేచింది గానీ పాట లేదు, రంగులు పదహారే. మదర్‌బోర్డుకు తగిన డ్రైవర్లు, అంటే ఆ బోర్డును విండోస్‌కు పరిచయం చేసే చిన్న ప్రోగ్రాములు, వేస్తేగాని గొంతూ రంగులూ రావు. మెకానిక్ ఇచ్చిన సీడీలో లోకంలోని బోర్డులన్నిటి డ్రైవర్లూ ఉన్నాయి. మాది ఏదో మాత్రం ఎక్కడా రాసి లేదు. తోచినవి వేసుకుంటూ పోయాను. ఒకటి వేస్తే తెర నిండా గళ్ళ లుంగీ పరిచినట్టయింది. ఇంకొకటి వేస్తే అసలు తెరే నల్లబడింది. మూడోది మర్యాదగా, నీ దగ్గరున్న బోర్డేదో చెప్పమని నన్నే అడిగింది.

ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి మెకానిక్‌కు ఫోన్ చేశాను.

"డబ్బా విప్పు. నడిమధ్యన పెద్ద నల్ల చిప్పు ఉండాది. దాని మీది నంబరు చూసుకో, ఆ పేరుతోనే సీడీలో డ్రైవరుంటాది" అన్నాడు.

విప్పాను. చిప్పు ఉంది. నంబరుండాల్సిన చోట అర్ధరూపాయంత బొట్టుంది.

ఇది అమ్మ పని. మోటారుకైనా ట్రాక్టరుకైనా బొట్టు లోపలి ప్రాణానికి పెట్టాలి గానీ పైరేకుకు కాదని, కంప్యూటర్‌కు పూజ చేసిననాడు డబ్బా విప్పించి మరీ, అన్నిటిలో పెద్దదేదో చూసి గంధం రాసి కుంకుమ అద్దింది. అది ఎండి పెచ్చు కట్టింది. నేను తడిగుడ్డ తీసుకున్నానో లేదో, మంచంలో ఉన్న అవ్వ, నాయన తల్లి, లేచి వచ్చింది.

"తుడవబాకరా! నిక్షేపంగా ఉండేదానికి బొట్టు తుడుస్తారా ఎవురన్నా?"

"అది మిషనవ్వా."

"మిషనయితే మీ అమ్మ బొట్టెందుకు పెట్టినాది?"

నాయన కలగజేసుకున్నాడు. "బోరు మోటారుకు పెట్టిన బొట్టు పోలా మా?"

"అది దానంతటదే పోయినాది. మనం తుడవలా."

ఊళ్ళో పంచాయతీలు తీర్చే మా నాయన తువ్వాలు భుజాన వేసుకుని చేనికి పోయాడు. అడుగుదామంటే అమ్మ లేదు, కలువాయిలో పెళ్ళికి పోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క బొట్టు మూలాన నేను బి.ఎడ్. చదవాలా? అవ్వ మీద గట్టిగానే అరిచాను. అవ్వ కదల్లేదు. డబ్బా మీదికి వంగి చిప్పునూ దాని చుట్టుపక్కలనూ చూసింది.

"ముందు పక్కన కొత్త బొట్టు పెట్టాల. ఆనక పాతది తుడువు. అప్పుడు బోసిగా ఉండే పనే లేదు" అంది చివరికి.

భరిణె తెచ్చి మూత తీశాను. నేను పెట్టబోతే అవ్వ నా చేతిలోంచి తీసుకుంది. తాత పోయినప్పటినుంచి కుంకుమ ముట్టని మనిషి, అమ్మ పూజ చేస్తుంటే తలుపు వెనక నిలబడిన మనిషి, వాకిలి వైపు ఒకసారి చూసి, వేలు ముంచి, చిప్పు పక్కన కరెంటు అందించే ఇనపడబ్బా మీద గుండ్రంగా బొట్టు పెట్టింది.

"ఊఁ, ఇంక తుడుచుకో."

తుడిచాను. నంబరు బయటపడింది. సీడీలో ఆ పేరుతో డ్రైవరుంది. వేశాను. రంగులొచ్చాయి. విండోస్ లేస్తూ స్పీకర్లలో రాగం తీసింది. నేను గదంతా గంతులేశాను.

అవ్వ తన వేలి ఎరుపు చూసుకుంటోంది.

"నాకూ ఇట్టా చేసుంటే పోయేది గదరా" అంది నవ్వుతూ. "ముందు ఇంకోటి పెట్టి, ఆనక తుడిచుంటే."

నా గంతులు ఆగిపోయాయి. ఇందాక అంత అరిచినవాడికి ఏడుపొచ్చింది.

"ఏందిరా అట్టా చూస్తావు? మళ్ళీ పాడించు దాన్ని" అంది అవ్వ.

కంప్యూటర్ ఆపి, మళ్ళీ వేశాను.