ముగ్గు పక్కగా నడిచిన అక్క

మా పక్కింటి అక్క బుధవారం పొద్దున పోయింది. మిల్లు సంగు, అదే సైరను, కూసి, షిఫ్టువాళ్లు బయలుదేరుతుండగా ఆమె కూతురు వచ్చి తలుపు తట్టి చెప్పింది.

ఆమె మాకు చుట్టం కాదు. మా కులమూ కాదు, మతమూ కాదు. నా ముగ్గురు పిల్లలు మా సందులో తలెత్తుకుని పెరిగారంటే అది ఆమె చలవే. తలచుకుంటే సంతోషంతో నా గుండె పొంగిపోతుంది. ఆ సందును తలచుకుంటే మాత్రం అసహ్యం వేస్తుంది.

కోయంబత్తూరులో మిల్లు ఇచ్చిన లైను ఇళ్లు మావి. మా ఇల్లు తప్ప తక్కినవన్నీ ఒకే క్రైస్తవ సభవాళ్లవి. మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే. కాఫీ తాగరు, పూలు పెట్టరు, బంగారం తొడగరు. ఎవరి నమ్మకం వాళ్లది, దానికి నేనేమీ అనను. కానీ మా పిల్లలు ఆటకు వెళితే, తమ పిల్లలను లోపలికి పిలిచి తలుపులు వేసుకునేవారు. దీపావళికి నా భార్య పంపిన అరిసెల్లాంటి అతిరసాలను మా కళ్లముందే కాలువలో పారేశారు. ముగ్గు ఉండే వాకిలి మాది ఒక్కటే. ఆదివారం ప్రార్థనకు వెళ్తూ పెద్దలే దాన్ని చెప్పులతో రాచి పోయేవారు. ఒకరోజు దాని మీద చేపలు కడిగిన నీళ్లు కుమ్మరించారు. నేను చూసేసరికి ఏడేళ్ల మా పెద్దమ్మాయి కూర్చుని చేత్తో పొలుసులు ఏరుతోంది. ఆ నీచు వాసన ఇప్పటికీ నా ముక్కును వదలలేదు. ఛీ! దేవుడి పేరు చెప్పుకుని చేసే పనా అది?

ఆ రోజే సామాను కట్టాను. అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమెదీ ఆ సభే. మిల్లు నుంచి నేరుగా వచ్చింది, జుట్టు నిండా దూది.

"ఏం తంబీ, మూట కట్టినావు?"

"ఇంక ఇక్కడ ఉండలేనక్కా. అవినాశిలో మా బావ ఇల్లు చూస్తానన్నాడు."

"పో, బాగా పో. నాకు కాపీ వాసన ఎవురు చూపిస్తారు? తాగకూడదనే కదా సభలో తడ, వాసనకి లేదే!"

ఏడుస్తున్న నా భార్య పక్కున నవ్వేసింది.

"ఆదివారం దాకా ఉండండి. మరదలా, ఆ పొద్దు బియ్యప్పిండితో పెద్ద కోలం పెట్టు. సందులో సగం రావాల."

ఆదివారం సభవాళ్లు వరుసగా బయలుదేరారు. ఎప్పుడూ వెనక ఉండే అక్క ముందు నడిచింది. మా వాకిలి దగ్గర ఆగి, తెల్లచీర కుచ్చిళ్లు పట్టుకుని, ఎదుటి గోడకు ఆనుకుని, ముగ్గు పక్కగా దాటింది. వరుస ఆగిపోయింది.

"ఆ ముగ్గుకి మర్యాదా?" అన్నాడు సభ పెద్ద.

"పిండి చీమలకయ్యా. చీమల్ని ఎవురు చేసినారు, సామి కాదా? తొక్కేదుంటే తొక్కు. ఈ పొద్దు పాట నువ్వే ఎత్తుకో."

ఆమె గొంతెత్తనిదే ఆ సభలో పాట మొదలయ్యేది కాదు. ఆయనా గోడకు ఆనుకుని పక్కగా దాటాడు. వెనకవాళ్లూ అంతే. నేను మూట విప్పేశాను.

ఆ తర్వాత మూడు నెలలు కుళాయి దగ్గర సభవాళ్లెవరూ ఆమెతో మాట్లాడలేదు. "మాటల్లేకుంటే బిందె బిరబిరా నిండతాది," అనేది. అప్పుడు నేనూ వాళ్లకు జడిసి అక్కడ ఆమెను పలకరించలేదు. నా మీద నాకే రోత.

నా పిల్లలు మాత్రం ఎవరి మీదా కోపం లేకుండా పెరిగారు. అది నాకు చేతకాలేదు, ఆమె దగ్గర నేర్చుకున్నారు. ఏ తండ్రికి ఇంతకన్నా ఏం కావాలి?

అంత్యక్రియలకు ముందు ఇంటి ప్రార్థనలో ఆ సభ పెద్దే, ఆమె సభ మాట ఏనాడూ జవదాటలేదని పొగిడాడు. పళ్లు కొరుక్కుని విన్నాను.

సందులో శవం ఉండగా ముగ్గు వేయకూడదు. నా భార్య ఆ రోజు వాకిలి ఊడ్చి వదిలేసింది. శవపెట్టె మోసుకొస్తున్నారు, ముందు ఆ పెద్ద. మా వాకిలి దగ్గరకు రాగానే ఆయన పంచె ఎత్తి పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. మోసేవాళ్లూ ఒక్కొక్కరే అటు జరిగారు. ఒట్టి నేలను తొక్కకుండా, అక్క పెట్టె కాస్త ఒరిగి, పక్కగా దాటిపోయింది.