నూనె గుడ్డల మూట

తొర్రూరులో హోటళ్ల బట్టలుతికే లాండ్రీ పెట్టి ఇవాళ్టికి పన్నెండు రోజులు. టేబుల్ గుడ్డలు, వంటగదిలో నూనె తుడిచే గుడ్డలు మాకొస్తాయి. పొద్దున వాటిని ఆరబెట్టే మిషన్‌లోంచి తీసి, మా అమ్మ కట్టినట్టే గట్టిగా రెండు మూటలు కట్టాను, వేడి వేడిగానే. ఒకటి మహబూబాబాద్ హోటల్‌కు ఆటోలో పంపాను. రెండోది బల్ల మీదే ఉండిపోయింది.

సాయంత్రం మా దగ్గర ఇస్త్రీ చేసే లచ్చవ్వ దాని మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది.

"ఏంది బిడ్డా, గీ మూట పొయ్యి మీద పెట్టినవా?"

"లేదవ్వా, పొద్దున కట్టిందే."

"మరి గింత కాలుతుందేంది?"

విప్పాం. పై మడతలు తెల్లగానే ఉన్నాయి. నడుమ గుడ్డలు గోధుమరంగుకు తిరిగి మాడు వాసన కొడుతున్నాయి. లచ్చవ్వ వాటిని బయట బండల మీద పరిచింది.

"మీ అమ్మ, నేను ఎండల ఆరేసి, సల్లారినంకనే కట్టేటోళ్లం. ఎంత ఉతికినా నూనె మొత్తం పోదు బిడ్డా. ఏడి మీద కడితే లోపల్నే రగులుకుంటది."

లాండ్రీ పెట్టేటప్పుడు నీళ్లు దొరుకుతాయా అని భయపడ్డాను. నిప్పు సంగతి తట్టనే లేదు.

మహబూబాబాద్ హోటల్‌కు ఈ పూట సెలవు. మూటను గ్యాస్ సిలిండర్ల పక్కన పెట్టి తాళం వేశామని మధ్యాహ్నమే చెప్పారు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. అక్కడికే బయల్దేరాను, ఇంకా బస్సులోనే ఉన్నాను. స్టేషన్ రోడ్డులో ఆకుపచ్చ షట్టర్ ఉన్న హోటల్ అది. ఇది చదివేవాళ్లెవరైనా దగ్గర్లో ఉంటే, ఆ షట్టర్ మీద ఒకసారి చెయ్యి పెట్టి చూసి చెప్పండి.