శ్రీశైలం ఒడిశాలో నోరు విప్పిన సంగతి

పాశమైలారం మాత్రల ఫ్యాక్టరీలో మా పక్కింటి శ్రీశైలానికి ఉన్న పేరు మేనేజరుకు కూడా లేదు. విదేశాల నుంచి ఇన్‌స్పెక్టర్లు తనిఖీకి వచ్చినప్పుడల్లా అతన్నే ముందు నిలబెడతారు. తనిఖీలో అడిగిన దానికే జవాబు చెప్పాలి, అదీ ఒక్క ముక్కలో. రేపటి గురించి మాట ఇవ్వకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇన్‌స్పెక్టరు ఏమీ అడగకుండా మొహంలోకి చూస్తూ కూర్చుంటే, ఆ మౌనానికి బెదిరి వాగకూడదు. చాలామంది అక్కడే దొరికిపోతారు. శ్రీశైలం ఇన్నేళ్లలో ఒక్కసారీ దొరకలేదు.

ఆ విద్యను ఫ్యాక్టరీ గేటు దగ్గరే వదిలి వస్తే బాగుండేది. మహానుభావుడు ఇంటికి తెచ్చుకున్నాడు.

పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు లేకపోవడంతో అతనూ భార్య సృజనా దత్తతకు పేరు రాయించుకున్నారు. ఇల్లు చూడటానికి సంగారెడ్డి నుంచి ఒక మేడమ్ వస్తుందని తెలియగానే ఇస్నాపూర్‌లోని ఆ రెండు గదుల ఇంటికి తనిఖీ కళ వచ్చేసింది. ఫ్యాక్టరీలో లాగే వంటింట్లో ప్రతి గిన్నెకూ ‘శుభ్రపరచబడినది’ అని ఒక చీటీ. మూలనున్న మిక్సీకి ‘మరమ్మతులో ఉన్నది’ అని ఇంకొకటి. అతని తల్లి ముత్యమ్మ దాటకూడదని గచ్చు మీద పసుపు గీత. ఆమె సరిగ్గా ఆ గీత మీదే పీట వేసుకుని, మేడమ్‌తో తన మోకాళ్ల నొప్పుల గురించి గంటసేపు మాట్లాడింది. ఇల్లు పాసైందంటే ఆ మోకాళ్ల పుణ్యమేనని నేను ఇప్పటికీ అంటాను.

కొన్నాళ్లకు ఒడిశా నుంచి కబురు వచ్చింది. ఐదేళ్ల పాప ఉంది, పేరు మినతి, ఇద్దరూ వచ్చి అనాథాశ్రమంలో కమిటీ ముందు మాట్లాడాలన్నారు. ముత్యమ్మ లెక్కలో ఒడిశా అంటే పరదేశమే. అక్కడ తిండి దొరుకుతుందో లేదోనని సర్వపిండి చేసి డబ్బా నిండా పెట్టింది. రైల్లో దారి పొడుగునా శ్రీశైలం భార్యకు శిక్షణ ఇచ్చాడు. ఎదురు బెర్తు పెద్దాయన్ని ఆఫీసరుగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగించాడు. పెద్దాయన ఉత్సాహం ఆపుకోలేక, ఊళ్లో భూమి ఎంతుందని, ఎవరి వాటా ఎంతని కూడా అడిగాడట. ఆ సంగతి చెప్పినప్పుడల్లా సృజన పళ్లు కొరుకుతుంది.

కమిటీలో నలుగురు కూర్చున్నారు. మాటలు హిందీలో సాగాయి. పిల్ల ఎందుకు కావాలని అడిగితే, మాకు లేరు కాబట్టి అన్నాడు. ఏడిస్తే ఏం చేస్తారంటే, ఆగేవరకు చూస్తామన్నాడు. కోపం వస్తుందా అంటే, ఇప్పటివరకు నమోదు కాలేదన్నాడు. సృజనను అడిగితే, ఆయన చెప్పిందే నాదీ అంది. వాళ్లలో పెద్ద మేడమ్ పెన్ను కింద పెట్టి అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. శ్రీశైలం కదల్లేదు, మెదల్లేదు. ఇలాంటివాళ్లను ఎంతమందిని చూశానని లోపల మురిసిపోయాడు కూడా.

అప్పుడామె అసలు సంగతి చెప్పింది. మినతిని ఇంతకుముందు ఒక జంట తీసుకెళ్లి, నెల తిరక్కుండానే వెనక్కి తెచ్చి వదిలేశారు. వాళ్లూ ఇలాగే తడుముకోకుండా జవాబులు చెప్పారట. మీరు ఏదో దాస్తున్నట్టుంది, మాకు నమ్మకం కుదరడం లేదు, ముందు పాపను కలవండి, మేం చూసి చెప్తాం అంది. సృజనకు ఏడుపొచ్చింది. ఇంతదూరం వచ్చి ఉత్త చేతులతో పోవలసి వస్తుందేమోనని మొగుడి వైపు గుర్రుగా చూసింది.

ఆయా మినతిని తెచ్చి ఎదురు కుర్చీలో కూర్చోబెట్టింది. రెండు జడలు, ఒళ్లో చేతులు. పోయినసారి ఎక్కువ మాట్లాడినందుకే తనను తిరిగి పంపారని ఆ పిల్ల అనుకుంటోందని ఆయా తర్వాత చెప్పింది. అందుకని నోరు విప్పకుండా శ్రీశైలం మొహంలోకే చూస్తూ కూర్చుంది. అతనూ చూశాడు. గోడ మీద ఫ్యాను తిరుగుతోంది. ఆ పిల్ల చూపు తిప్పలేదు.

ముందు ఓడిపోయింది శ్రీశైలమే.

"మిక్సీ దానంతటది పాడుగాలే," అన్నాడు తెలుగులో. "నేనే కోపంల ఇసిరికొట్టిన."

ఇక ఆగలేదు. బల్లిని చూస్తే మంచమెక్కి నిలబడతానన్నాడు. తల్లి షుగరు పెట్టుకుని దొంగతనంగా బెల్లం తింటుందన్నాడు. ఎవరి పిల్లల పుట్టినరోజుకు పిలిచినా డ్యూటీ ఉందని అబద్ధమాడి, బస్టాండులో ఒక్కడినే కూర్చునేవాడినన్నాడు. సృజన కళ్లు తుడుచుకుంటూ ప్రతి మాటా హిందీలోకి మార్చి చెప్పింది. మిక్సీ సంగతి మాత్రం రెండుసార్లు చెప్పింది.

"నువ్వు ఏడిస్తె ఏం జెయ్యాల్నో నాకు ఎర్కలేదు బిడ్డా," అన్నాడు చివరికి.

ఆయా అదంతా ఒడియాలో పాపకు చెప్పింది. మినతి ఆమె చెవిలో ఏదో గొణిగింది. ఆయా సృజన వైపు తిరిగి, వీళ్లు నన్ను మళ్లీ ఇక్కడికే తెస్తారా అని అడుగుతోందని చెప్పింది.

"తేను," అన్నాడు శ్రీశైలం. "ఒకవేళ తెస్తె, నన్ను గూడ నీతోని ఈడ్నే ఉంచుకోమను."

ఆ మాట సృజన నోటి నుంచి ఆయాకు, ఆయా నోటి నుంచి పాపకు చేరింది. మినతి కుర్చీ దిగి వచ్చి, ఈ ఆరడుగుల మనిషిని తల నుంచి కాళ్ల దాకా చూసింది. తర్వాత పెద్ద మేడమ్ వైపు తిరిగి, ఇక్కడి మంచాలు చిన్నవి, ఈయన పట్టడు, నేనే వాళ్లింటికి పోతాను అంది.