గోడ మీద కుటుంబం

ఈ ఆయిల్ పెయింటు తయారుచేసే మహానుభావుల మీద నాకో ఫిర్యాదుంది. గీకినా పోని, కిరసనాయిలు పోసి తోమినా పోని రంగు ఎవరడిగారండీ? మనిషన్నాక రాసింది చెరిపేసుకోవాలని ఎప్పుడో ఒకప్పుడు అనిపించదా?

మా మావ తాండ్ర వ్యాపారాన్ని ఒక్క మధ్యాహ్నంలో నేనెలా ముంచానో వింటే, మీరే గోకుడుకర్ర పట్టుకుని సాయానికొస్తారు.

ఎంబీయే పట్టా మీద సిరా ఆరకముందే చీపురుపల్లిలో మా మేనమావ దగ్గర చేరాను. పెద్ద పెరడు, ఎండలో వరసగా చాపలు, వాటిమీద రోజుకో పొరగా పోసే మామిడి రసం. అదీ కంపెనీ. అందులో నాకు కనిపించిన లోటల్లా విలువలే.

"మావా, కంపెనీకి మూలవిలువలుండాలి. వాటిని వ్యాపార వ్యూహంతో జోడించాలి."

"జోడిస్తే ఏటవుద్దిరా? తాండ్ర బేగి ఆరతాదా?"

ఆరదని ఒప్పుకోడానికి చదువు అడ్డొచ్చింది. గోడ మీద నీలిరంగుతో రాయించాను: 'మనమంతా ఒకే కుటుంబం.' దానికింద వ్యూహం: 'చెప్పిన రోజుకి సరుకు.' రెంటినీ కలుపుతూ ఒక బాణం గుర్తు. ఆ బాణం ఏం చెబుతోందో నాకిప్పటికీ తెలీదు.

పనివాళ్లందరినీ కూచోబెట్టి ఉపన్యాసమిచ్చాను. వాళ్లలో పెద్దది పైడమ్మ లేచింది.

"అయితే బాబూ, నా కూతురి పెళ్లి మనింట్లో పెళ్లేనా?"

"ముమ్మాటికీ!"

చప్పట్లు కొట్టారు. నా ఉద్యోగజీవితంలో దక్కిన చప్పట్లు అవే.

ఇంతలో భోగాపురం విమానాశ్రయంలో మిఠాయి కొట్టు పెట్టబోయే ఆసామి ఒకాయన సరుకు చూస్తానన్నాడు. ఆ బేరం కుదరకపోతే స్థలం అమ్మేయడమేనని మావ అప్పటికే తేల్చేశాడు. ఎవర్నీ అడక్కుండా నేను తేదీ ఇచ్చేశాను. ఆ రోజు వెళ్లి చూస్తే పెరట్లో తాండ్ర ఉంది, కాకులున్నాయి, నేనున్నాను.

మావకి ఫోన్ చేశాను. వెనకాల సన్నాయి.

"ఎక్కడున్నావు మావా?"

"బొబ్బిల్లోరా! పైడమ్మ కూతురి పెళ్లి. అందరం ఈడే ఉన్నాం. కుటుంబానికి పెద్దోణ్ణి, రాకపోతే బాగుంటాదేటి? నువ్వే కదా గోడెక్కించావు!"

ఆసామి తెల్ల ప్యాంటులో కారు దిగాడు.

"మీవాళ్లేరండీ?"

"పెళ్లికెళ్లారండి."

"అందరూనా?"

"ఒకే కుటుంబమండి."

"ఓనర్‌గారు?"

"పెళ్లిపెద్ద ఆయనేనండి."

అప్పుడే ఈదురుగాలి లేచింది, మబ్బు కమ్మింది. చాపలు చుట్టి లోపల పెట్టడానికి పెరడంతా మనుషులుండాలి. ఉన్నది ఇద్దరం, అందులో ఒకరు కొనడానికొచ్చినాయన. పాపం, ఆయనా ఒక చాప కొస పట్టుకున్నాడు. రెండు చాపలు చుట్టేసరికి వాన దబదబా దిగింది. వేసవంతా ఆరిన తాండ్ర మళ్లీ రసమై, ఆయన ప్యాంటు మీదుగా ప్రయాణం కట్టింది.

కారెక్కుతూ ఆయన బాణం గుర్తుకేసి కాస్త ఎక్కువసేపు చూశాడు.

స్థలం అమ్ముడైపోయింది. కొన్నాయన వేయించిన సున్నంలోంచి నీలి అక్షరాలు ఇంకా తొంగిచూస్తున్నాయి. ఈ జన్మలో గోడ మీద 'ఇక్కడ ఉమ్మరాదు' అన్నది తప్ప మరే విలువా రాయించనని, వాన వచ్చిన దిక్కుకి తిరిగి ప్రమాణం చేశాను.

అయినా పెళ్లి మర్నాటి సంగతి ఒకటి మిగిలింది. తడిసిన చాపల మధ్య నేను కూలబడి ఉంటే పైడమ్మ లడ్డూల పొట్లం తెచ్చి ఒళ్లో పెట్టింది. చాపలకేసి చూసింది, గోడకేసి చూసింది.

"ఒకే కుటుంబం అన్నావు. అందరూ వొచ్చినారు. మరి నువ్వెందుకు రానేదు బాబూ?"